అడుగున కొట్టుడు శబ్దం: ఒక పాత కారు ఇంజిన్ మరమ్మత్తు డైరీ

శబ్దం ఎప్పుడు వస్తోంది?

ఈ కారు నా చేతికి వచ్చేనాటికే ఇంజిన్‌లో కొట్టుడు శబ్దం ఉంది. పాత యజమాని ఆ సంగతి దాచలేదు. చాలాకాలంగా అలాగే నడుస్తోందని, చిక్కటి ఆయిల్ పోస్తే కొంత సద్దుమణుగుతుందని ఆయనే చెప్పారు. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. పోత ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, వాల్వులను తెరిచే, చైనుతో తిరిగే రెండు క్యామ్‌షాఫ్టులు, మాన్యువల్ గేర్‌బాక్సు. బాడీ, సస్పెన్షన్ చెక్కుచెదరకుండా ఉన్నాయి కనుక, ఇంజిన్‌ను మొత్తంగా మార్చే ఆలోచన పక్కన పెట్టి, శబ్దానికి మూలం ఏమిటో నిర్ధారించుకొని, ఆ మూలానికి మాత్రమే మరమ్మత్తు చేయాలని ఈ పనికి పూనుకున్నాను.

ఇంజిన్ శబ్దం అనగానే ఎక్కువ మంది "ఎక్కడి నుంచి వస్తోంది" అని అడుగుతారు. నా అభిప్రాయంలో అది రెండో ప్రశ్న. బ్లాకు, హెడ్, అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన చాంబర్ అన్నీ బోల్టులతో ఒకదానికొకటి బిగిసి ఉన్న లోహాలు కాబట్టి అడుగున పుట్టిన దెబ్బ వాల్వ్ కవర్ మీద వినిపించవచ్చు, ముందు పుల్లీ దగ్గర పుట్టినది వెనక క్లచ్ దగ్గర మోగవచ్చు. "ఎప్పుడు వస్తోంది" అన్న ప్రశ్నకు మాత్రం లోహం అబద్ధం చెప్పలేదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? లోడు పడినప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా? క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) తిరిగే ప్రతి చుట్టుకూనా, రెండు చుట్లకు ఒకసారా? ఈ మూడింటికి జవాబు దొరికేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకూడదని నియమం పెట్టుకున్నాను.

రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను ఉదయం స్టార్ట్ చేస్తే మొదట్లో శబ్దం దాదాపు లేదు. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు చేరేకొద్దీ అది స్పష్టమైంది, పూర్తిగా వేడెక్కి ఆయిల్ పలుచబడిన తరువాత ఐడిల్‌లోనే (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచే వేగంలోనే) బానెట్ మూసి ఉన్నా వినిపించేంతగా పెరిగింది. ఈ ఒక్క పరిశీలనతో పిస్టన్ స్లాప్ అనే అనుమానం చాలావరకు తొలగిపోయింది. పిస్టన్ అల్యూమినియంతోను, దాని చుట్టూ ఉన్న సిలిండర్ పోత ఇనుముతోను తయారవుతాయి. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందువల్ల అరిగిన పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు సిలిండర్ గోడకు కొట్టుకున్నా, వేడెక్కేకొద్దీ సందు మూసుకుపోయి నెమ్మదిస్తుంది. ఇక్కడ జరుగుతున్నది దానికి నేరుగా వ్యతిరేకం.

చుట్లకు, శబ్దానికి ఉన్న లెక్క తేల్చడానికి ఫోన్‌ను రికార్డర్‌గా వాడాను. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. 800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఐడిల్ దగ్గర క్రాంక్ సెకనుకు 13 చుట్లకు పైగా తిరుగుతుంది. వాల్వులు, ట్యాపెట్లు, ఇంజెక్టర్లు ఒక్కొక్కటి సెకనుకు 6 లేదా 7 సార్లు మాత్రమే పనిచేస్తాయి. రికార్డింగును కంప్యూటర్‌లో తరంగరూపంగా తెరిచి చూస్తే సెకనుకు 13 శిఖరాలు కనిపించాయి. ఒకటి ఎత్తుగా, తరువాతిది కొంచెం పొట్టిగా, మళ్ళీ ఎత్తుగా. అంటే శబ్దం క్రాంక్ వేగంతో నడుస్తోంది, అందులోనూ ప్రతి రెండో దెబ్బ బలంగా పడుతోంది. ఫైరింగ్ రెండు చుట్లకు ఒకసారి జరుగుతుంది కాబట్టి ఆ హెచ్చుతగ్గులకు అర్థం ఉంది. ఈ లెక్క తుది సాక్ష్యం కాకపోయినా, వాల్వులవైపు వెళ్ళే దారిని మూసివేసి అడుగువైపు దారిని తెరిచింది.

ఇంధనం వల్ల వచ్చే నాకింగ్ కాదని తేల్చడం

నాకింగ్ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు జబ్బులు చలామణీ అవుతున్నాయి. ఒకటి దహనానికి సంబంధించినది, మరొకటి అరుగుదలకు సంబంధించినది. మొదటి దానిలో స్పార్కు వెలిగించిన మంట సిలిండర్ అంచును చేరకముందే, అక్కడ నలిగి వేడెక్కిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. ఆ పీడన తరంగాలు దహనగదిని గంటలా మోగిస్తాయి. ఈ పరిమాణం సిలిండర్లలో ఆ మోత సుమారు 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి చెవికి గలగలమనే పలుచని లోహధ్వనిగా తగులుతుంది. బ్లాకు మీద బిగించిన నాక్ సెన్సర్ పసిగట్టేది దానినే. నా ఇంజిన్‌లో వినిపిస్తున్నది అలాంటి గలగల కాదు, మందమైన, బరువైన దెబ్బ.

అయినా చెవి తీర్పు మీదే ఆధారపడడం నాకు ఇష్టం లేదు. ఆక్టేన్ సంఖ్య అంటే స్వీయజ్వలనాన్ని ఇంధనం ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత. ఐసోఆక్టేన్‌కు 100, సాధారణ హెప్టేన్‌కు 0 ఇచ్చి ఆ మధ్యన ఇంధనాన్ని తూచుతారు. కనుక ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు నింపి పరీక్షించాను. శబ్దంలో రవ్వంత మార్పు లేదు. స్కానర్ పెట్టి చూస్తే కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతున్న జాడ కూడా లేదు. అన్నిటికీ మించి, దహన నాకింగ్ గట్టిగా లోడు పడినప్పుడు వస్తుందే తప్ప, న్యూట్రల్‌లో నిలబడి ఉన్న కారులో ఐడిల్ దగ్గర రాదు. ఈ అధ్యాయాన్ని ఇక్కడితో ముగించాను.

బయటి భాగాలు ఒక్కొక్కటిగా

చాంబర్ విప్పాలన్న తొందర ఎంత ఉన్నా, బయటి నుంచి లోపలికి వెళ్ళడమే సరైన పద్ధతి. ఇప్పుడు అనుమానం రాడ్ బేరింగ్ మీద, అంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్డు కింది చివర ఉండే బేరింగ్ మీద. అది అరిగితే వచ్చే శబ్దాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించగల చవక జబ్బులు బయట చాలానే ఉన్నాయి. క్రాంక్ పుల్లీ బోల్టు వదులైనా, ఆ పుల్లీలోని రబ్బరు పొర ఊడి బయటి చక్రం కదులుతున్నా, ఫ్లైవీల్ బోల్టులు సడలినా క్రాంక్ వేగంతోనే ధన్ ధన్‌మని మోగుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న కార్లలో పగిలిన డ్రైవ్ ప్లేటు ఎన్నో మంచి ఇంజిన్‌లను అనవసరంగా విప్పించింది.

ముందుగా బెల్టు తీసి ఇంజిన్ నడిపాను. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి నిమిషం లోపే ఆపేయాలి. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, వాటర్ పంపు అన్నీ నిశ్చలంగా ఉన్నా శబ్దం అలాగే ఉంది. పుల్లీ అంచునూ మధ్యభాగాన్నీ కలుపుతూ సుద్దతో గీత గీసి, నడిపి ఆపి చూస్తే గీత విరగలేదు. రబ్బరు గట్టిగానే ఉంది, బోల్టు టార్క్ సరిగ్గా ఉంది. క్లచ్ పెడల్ తొక్కినా, వదిలినా తేడా లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ కారితే టిక్ టిక్‌మనే శబ్దం వస్తుంది గానీ, అది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై లోహం వ్యాకోచించేకొద్దీ తగ్గుతుంది. నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసి, ఆ రంధ్రాల గుండా సన్నని కెమెరా దింపి పిస్టన్ తలల మీద దళసరి కార్బన్ గానీ, వాల్వు తగిలిన మచ్చ గానీ లేదని చూసుకున్నాను. ప్లగ్గులు ఎలాగూ బయటే ఉన్నాయి కనుక కంప్రెషన్ కూడా కొలిచాను. నాలుగూ 12 బార్‌కు అటూ ఇటూగా, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. రింగులు, వాల్వులు, హెడ్ గాస్కెట్ ఆరోగ్యంగా ఉన్నాయన్న మాట. ఈ అంకెలు చూశాక ఇంజిన్‌ను కాపాడుకోవాలన్న పట్టుదల ఇంకా పెరిగింది.

స్టెతస్కోపుతో విన్నప్పుడు చాంబర్ అంచు దగ్గర, మధ్యనుంచి కొంచెం వెనక్కి, దెబ్బ బలంగా తగిలింది. వాల్వ్ కవర్ మీద అదే దెబ్బ దూరంగా, మెత్తగా ఉంది. స్టెతస్కోపు లేనివారు పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి విన్నా ఇదే తెలుస్తుంది. తిరిగే బెల్టుకు, ఫ్యానుకు చేతులు, బట్టలు దూరంగా ఉంచుకోవాలన్నది మాత్రం మరవకూడదు.

ఆయిల్, ఫిల్టర్ చెప్పిన సాక్ష్యం

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది పాత ఆయిల్ ఫిల్టరే.

యజమాని చెప్పినట్టే లోపల ఉన్నది 20డబ్ల్యూ-50 గ్రేడు. ఈ ఇంజిన్‌కు తయారీదారు సూచించినది 5డబ్ల్యూ-30. 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. అంటే వేడి మీద దాదాపు రెండింతలు చిక్కన. చిక్కటి ఆయిల్ అరిగిన సందులో దిండులా నిలిచి దెబ్బను మెత్తబరుస్తుంది కాబట్టి శబ్దం తగ్గిన మాట నిజమే. కానీ దానికి ఇంజిన్ చెల్లించిన మూల్యం ఈ డైరీలో ముందుముందు కనిపిస్తుంది.

ఫిల్టర్‌ను రంపంతో కోస్తే రంపపు పొడి లోపల పడి సాక్ష్యం చెడిపోతుంది. అందుకని ఫిల్టర్ కట్టర్‌తో డబ్బాను చుట్టూ తెరిచి, లోపలి మడతల కాగితాన్ని కత్తితో వేరుచేసి, ఆయిల్ కారిపోయేలా ఒక రాత్రంతా వేలాడదీసి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూశాను. మడతల్లో సన్నని మెరుపు రేకులు ఉన్నాయి. అయస్కాంతం దగ్గరపెడితే అవి కదలలేదు కనుక ఉక్కు కాదు. అందువల్ల చైను, క్యామ్, సిలిండర్ గోడ నుంచి వచ్చినవి కావు. వాటిలో కొన్ని బూడిదరంగులో, మరికొన్ని రాగి రంగులో ఉన్నాయి. రాగి కనిపించిందంటే బేరింగ్ షెల్ (రాడ్డుకు, క్రాంక్‌కు మధ్య ఉండే సగం గుండ్రని లోహపు చిప్ప) పై పొర అరిగి కింది పొర బయటపడిందని అర్థం. ఈ రేకులతోపాటు నేను ఊహించనిది ఇంకొకటి దొరికింది. పిండితే సాగే, నలిపినా చిట్లని సన్నని నూలుపోగుల లాంటి ముక్కలు. అవి సిలికోన్ సీలెంటు (చాంబర్ అంచు కారకుండా పూసే జిగురు) ముక్కలు. అంటే ఇదివరకు ఎవరో చాంబర్ విప్పి, తిరిగి బిగించేటప్పుడు సీలెంటును అవసరానికి మించి పూశారు. అంచులనుంచి లోపలికి పొంగిన భాగం ఊడి ఆయిల్‌లో పడింది.

సూచించిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాను. శబ్దం మరింత బాహాటంగా వినిపించింది. నిర్ధారణకు అదే మంచిది.

ఆయిల్ ప్రెషర్

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ప్రెషర్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. అందుకని ప్రెషర్ స్విచ్ తీసి ఆ స్థానంలో మెకానికల్ గేజ్ బిగించాను. వేడి ఇంజిన్‌లో ఐడిల్ దగ్గర 14 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), 2000 ఆర్‌పీఎం దగ్గర 30. ఇంతవరకు గొప్పగా లేకపోయినా ఆందోళన పడేంత కాదు. ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పి.ఎస్.ఐ. ఉంటే చాలునని మెకానిక్కులు పాటించే మోటు కొలతకు సరిపోతుంది. 3000 దగ్గర మాత్రం ముల్లు పెరగడానికి బదులు 26కు పడిపోయి వణకసాగింది. వెంటనే యాక్సిలరేటర్ వదిలేశాను.

ఈ ఆకృతిని జాగ్రత్తగా చదవాలి. బేరింగులన్నీ అరిగిన ఇంజిన్‌లో ఐడిల్ దగ్గర ప్రెషర్ బాగా తక్కువగా ఉండి, వేగం పెంచేకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ తోడుతుంది కనుక పెరుగుతుంది. వేగం పెరిగినప్పుడు ప్రెషర్ పడిపోతున్నదంటే, పంపు అడిగినంత ఆయిల్ దానికి అందడం లేదన్న మాట. చాంబర్‌లో ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది. కాబట్టి పంపు ఆయిల్‌ను పీల్చుకునే గొట్టం చివరి స్ట్రైనర్ మూసుకుపోయి ఉండాలి. ఫిల్టర్‌లో దొరికిన సిలికోన్ ముక్కలు ఆ స్ట్రైనర్ జల్లెడను దాటగలిగినంత చిన్నవి. దాటలేని పెద్దవి ఎక్కడ ఆగి ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఏ సిలిండర్?

ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా ఒక్కొక్క సిలిండర్‌ను పనిచేయకుండా ఆపి వినడం రాడ్ బేరింగ్ నిర్ధారణకు పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. కాయిల్ కనెక్టర్ తీస్తే మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది కనుక నేను ఇంజెక్టర్ కనెక్టర్లు తీశాను. 1వ సిలిండర్ ఆపితే ఇంజిన్ కుంటిందే గానీ శబ్దం మారలేదు. 2వ దానితోనూ అంతే. 3వ ఇంజెక్టర్ కనెక్టర్ లాగిన క్షణంలో దెబ్బ దాదాపు మాయమై, వెనక సన్నని చప్పుడు మాత్రం మిగిలింది. తిరిగి తగిలించగానే మళ్ళీ మొదలైంది. 4వది ఆపినా ప్రభావం లేదు.

దీని వెనక తర్కం సులువైనది. ఫైరింగ్ పీడనం పిస్టన్‌ను, రాడ్డును కిందికి తోసినప్పుడు అరిగిన సందు ఒక్కసారిగా మూసుకొని షెల్ వెళ్ళి జర్నల్‌కు, అంటే క్రాంక్ మీద ఆ షెల్ పట్టి ఉండే నునుపైన భాగానికి, కొట్టుకుంటుంది. ఫైరింగ్ లేకపోతే ఆ తోపు లేదు. పిస్టన్ స్లాప్ కూడా ఈ పరీక్షలో తగ్గగలదు, కానీ దాన్ని చలి-వేడి పరిశీలనే ముందే తొలగించింది. పిస్టన్ పిన్ అరిగి ఉంటే ఐడిల్‌లో జంటగా, పదునుగా రెండు దెబ్బలు వినబడతాయి. ఇక్కడ అలాంటి జంట లేదు. న్యూట్రల్‌లో 2500 దగ్గర నిలిపి యాక్సిలరేటర్‌ను మెల్లగా వదిలినప్పుడు డబడబమని తేలియాడే శబ్దం రావడం కూడా రాడ్ బేరింగ్‌కే సరిపోయింది. ఆ చివరి పరీక్ష ఒక్కసారితో సరిపెట్టాను, ఎందుకంటే ప్రతి దెబ్బా జర్నల్‌ను సుత్తితో కొట్టడమే. షెల్ తన చోటునుంచి జారి రాడ్డుతోపాటు తిరిగిందంటే ఈ మరమ్మత్తు క్రాంక్, రాడ్డు, బహుశా బ్లాకుదాకా పాకుతుంది. ఇక్కడినుంచి ఇంజిన్ స్టార్ట్ చేయడం మానేశాను.

చాంబర్ విప్పిన రోజు

కారును జాకీ మీద కాక నాలుగు స్టాండ్ల మీద నిలిపి, ఊపి చూసి, ఆ తరువాతే కిందికి వెళ్ళాను. ఎగ్జాస్ట్ ముందు గొట్టం, ఒక అడ్డపట్టీ తీస్తే చాంబర్ కిందికి దిగింది. అంచు పొడుగునా లోపలివైపు సిలికోన్ తీగలా పొంగి గట్టిపడి ఉంది, అక్కడక్కడ తెగిపోయి ఉంది. స్ట్రైనర్ జల్లెడలో సగానికి పైగా ఆ ముక్కలతోను, నల్లటి మడ్డితోను కప్పుకుపోయింది. ప్రెషర్ గేజ్ ముల్లు చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.

విప్పకముందు ఒక్కొక్క రాడ్డును చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఆడించాను. మూడు రాడ్లు నిలువునా కదలలేదు. 3వది చేతికి తెలిసేంత టక్‌మంది. రాడ్డును క్రాంక్‌కు బిగించే క్యాపుల మీద ఏది ఏ రాడ్డుదో, ఏ ముఖం ముందుకో గుర్తులు వేసుకున్నాను. క్యాపు, రాడ్డు జతగా కోసి తయారైనవి కనుక వాటిని ఒకదానికొకటి మార్చినా, తిరగేసి బిగించినా గుండ్రదనం పోతుంది.

3వ రాడ్డు పై షెల్, అంటే ఫైరింగ్ బలం పడే సగం, మధ్యన రాగి రంగు తేలి ఉంది. ఈ షెల్లు మూడు పొరలవి. ఉక్కు వీపు, దాని మీద రాగి మిశ్రమం, ఆ పైన సుమారు 0.02 మిల్లీమీటర్ల మందమైన మెత్తని పూత. మెత్తని లోహాన్ని బేరింగ్‌కు వాడే ఆలోచన 1839లో ఐజాక్ బాబిట్ పేటెంటుతో ప్రసిద్ధికెక్కింది. మెత్తనిదాన్ని ఎంచుకోవడంలోని తెలివి ఏమిటంటే, ఆయిల్‌తో వచ్చిన గట్టి రేణువు క్రాంక్‌ను గీకకుండా ఆ మెత్తదనంలో కూరుకుపోతుంది. నా చేతిలోని షెల్‌లో అలా కూరుకున్న రేణువులు భూతద్దంలో కనిపించాయి. పూత తన పని తాను చేసింది, తాను అరిగి క్రాంక్‌ను కాపాడింది. మిగతా మూడు రాడ్ల షెల్లు మసకబారాయి తప్ప రాగి తేలలేదు.

ఇక్కడ ఒక పాత ప్రయోగాన్ని తలచుకోకుండా ఉండలేను. 1883లో బీచమ్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ బేరింగ్ పైభాగాన రంధ్రం వేస్తే ఆయిల్ బయటికి చిమ్మింది. బిరడా కొడితే బిరడాను కూడా తోసేసింది. తిరుగుతున్న ఇరుసే ఆయిల్‌ను సన్నని సందులోకి ఈడ్చుకొని, భారాన్ని మోయగలిగేంత పీడనాన్ని పుట్టిస్తోందని అప్పుడు తెలిసింది. దాని గణితాన్ని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ రాశారు. అంటే జర్నల్, షెల్ నడుస్తున్నప్పుడు ఒకదానికొకటి తగలనే కూడదు; మధ్యన ఆయిల్ పొర ఉన్నంతసేపు అరుగుదల దాదాపు ఉండదు. ఆ పొరకు కావలసిన ఆయిల్ సమయానికి అందకపోవడమే ఇక్కడి జబ్బు, షెల్ అరగడం దాని ఫలితం. షెల్ ఒక్కటే మార్చి స్ట్రైనర్‌ను పట్టించుకోకపోతే కొత్త షెల్‌కూ అదే గతి పడుతుంది.

చిక్కటి ఆయిల్ పాత్ర గురించి నా అంచనా ఇది. ఫిల్టర్‌లో బైపాస్ వాల్వు ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, చల్లటి చిక్కటి ఆయిల్ కాగితం గుండా త్వరగా దూరలేకపోయినా, బేరింగులు ఎండిపోకుండా అది తెరుచుకొని వడకట్టని ఆయిల్‌నే పంపిస్తుంది. చెత్తతో నిండిన ఫిల్టర్, 50 గ్రేడు ఆయిల్, సగం మూసుకున్న స్ట్రైనర్ ఒకచోట చేరినప్పుడు, ప్రతి చల్లని స్టార్టులోనూ వడకట్టని ఆయిల్ చాలాసేపు ప్రవహించి ఉంటుంది. శబ్దాన్ని కప్పిపెట్టడానికి పోసిన ఆయిలే రేణువులను షెల్లలోకి చేర్చే దారి తెరిచిందని నేను నమ్ముతున్నాను.

కొలతలు

క్రాంక్ జర్నల్ సరిగ్గా ఉంటేనే కొత్త షెల్లతో సరిపెట్టుకోవచ్చు. గోరుతో అడ్డంగా గీకితే ఎక్కడా తట్టుకోలేదు. రాగి మరక ఉన్నచోట ఆయిల్ రంధ్రాన్ని మూసి, చాలా సన్నని ఎమ్రీ గుడ్డ పట్టీని చుట్టి, రెండు చేతులతో సమంగా లాగి మెరుగుపెట్టాను. ఆ తరువాత రంధ్రం తెరిచి, సాల్వెంట్ కొట్టి, గాలితో శుభ్రం చేశాను. మైక్రోమీటర్‌తో జర్నల్ రెండు చివరలా, ఒక్కోచోట ఒకదానికొకటి అడ్డంగా రెండు దిక్కుల్లో కొలిచాను. అతి పెద్ద, అతి చిన్న కొలతల మధ్య తేడా 0.004 మిల్లీమీటర్లు, సర్వీసు మాన్యువల్ ఇచ్చిన హద్దు లోపలే ఉంది. తేడా హద్దు దాటి ఉంటే క్రాంక్‌ను బయటికి తీసి 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి, అండర్‌సైజు షెల్లు వేయడం తప్ప గత్యంతరం లేదు. రాడ్డు పెద్ద కన్ను మీద వేడికి నీలిరంగు తిరిగిన ఛాయ లేదు. 3వ రాడ్డుకు ఆయిల్ అందించే మెయిన్ బేరింగ్ (క్రాంక్‌ను బ్లాకులో నిలిపేది) క్యాపును కూడా విప్పి చూశాను. షెల్ మసకగా ఉన్నా పూత నిలిచే ఉంది, సందు హద్దుల్లోనే ఉంది.

సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ వాడాను. ఇది సన్నని మైనపు పోగు. జర్నల్ మీద పొడుగునా పెట్టి, క్యాపును పూర్తి టార్క్‌కు బిగించి, విప్పి, అణిగిన వెడల్పును కవరు మీది కొలబద్దతో పోల్చాలి. ఆయిల్ తగిలితే పోగు కరిగిపోతుంది కాబట్టి రెండు ముఖాలనూ పొడిగా తుడవాలి, బిగించి ఉండగా క్రాంక్‌ను తిప్పకూడదు. ఆకుపచ్చ పోగు 0.025 నుంచి 0.076 మిల్లీమీటర్ల వరకే కొలుస్తుంది కనుక పాత షెల్‌కు 0.05 నుంచి 0.15 వరకు కొలిచే ఎర్ర పోగు పెట్టాను. 3వ రాడ్డు పాత షెల్లతో సందు 0.11, మిగతావి 0.05 చుట్టుపక్కల వచ్చాయి. కొత్త షెల్లతో నాలుగూ 0.035కు దగ్గరగా వచ్చాయి. అరుగుదల 3వ దానిలోనే ఉన్నా నాలుగు రాడ్లకూ కొత్త షెల్లు వేశాను. మిగతా మూడూ అదే ఆయిల్‌తో, అదే ప్రెషర్‌తో నడిచినవే.

బిగింపు, మొదటి స్టార్టు

ఈ రాడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం. తొలి టార్క్ ఇచ్చి, ఆ పైన 90 డిగ్రీలు తిప్పాలి, ఒకసారి అలా సాగిన బోల్టును తిరిగి వాడకూడదు. కొలతలప్పుడు పాత బోల్టులు వాడి, తుది బిగింపుకు కొత్తవి వేశాను. షెల్ల వీపు పొడిగా, ముఖం మీద అసెంబ్లీ లూబ్రికెంటు. ప్రతి క్యాపు బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా పట్టేయలేదని చూసుకున్నాను.

స్ట్రైనర్ గొట్టాన్ని శుభ్రం చేసే బదులు కొత్తది వేసి, దాని రబ్బరు రింగు కూడా మార్చాను. ఆ రింగు గట్టిపడితే పంపు ఆయిల్‌తోపాటు గాలినీ పీలుస్తుంది. చాంబర్ అంచులను ప్లాస్టిక్ గీకుడు బిళ్ళతో గీకి, చుక్క జిడ్డు లేకుండా తుడిచి, సన్నని ఒకే ధార సీలెంటు బోల్టు రంధ్రాల లోపలివైపుగా పూసి, ఆరకముందే బిగించాను. లోపలికి పొంగేంత ఎక్కడా లేకుండా చూసుకోవడమే ఈ పనిలో అసలు నైపుణ్యం.

ఇంధన పంపు ఫ్యూజు తీసి, గేజ్ ముల్లు లేచి నిలిచేదాకా స్టార్టర్‌తో తిప్పాను. ఆ తరువాతే ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశాను. దెబ్బ లేదు. ఇంజిన్ వేడెక్కేదాకా స్టెతస్కోపు చాంబర్ మీదే పెట్టి విన్నాను. వేడెక్కిన తరువాత కూడా లేదు. పైన సన్నని టిక్ టిక్ వినిపిస్తే రికార్డు చేసి చూశాను. సెకనుకు 6, 7 మధ్య, నాలుగు ఇంజెక్టర్ల దగ్గరా సమానంగా. అది ఇంజెక్టర్లు పనిచేసే సహజమైన చప్పుడు.

వేడి మీద ప్రెషర్ ఐడిల్ దగ్గర 21, 2000 దగ్గర 38, 3000 దగ్గర 52 పి.ఎస్.ఐ. ముల్లు ఎక్కడా వణకలేదు.

ప్రస్తుత స్థితి

మొదట పోసిన ఆయిల్‌ను గడువుకు చాలాముందే, కొద్ది దూరం నడిపిన వెంటనే, తీసేసి ఫిల్టర్‌ను మళ్ళీ కోసి చూశాను. పాత మెరుపు రేకులు నాలుగైదు, దారి తప్పిన ఒకే ఒక సిలికోన్ పోగు కనిపించాయి. కొత్త రాగి రంగు రేకు ఒక్కటీ లేదు. రెండోసారి మార్పులో ఫిల్టర్ శుభ్రంగా వచ్చింది. ఎత్తు ఎక్కే దారిలో నిండు లోడుతో నడిపాను, 2500 దగ్గర యాక్సిలరేటర్ వదిలే పరీక్షనూ ఈసారి నిబ్బరంగా చేశాను. ఎక్కడా డబడబ లేదు.

మెకానికల్ గేజ్‌ను ఇంకా తీయలేదు. స్విచ్, గేజ్ రెండూ పట్టే టీ జాయింటు దొరికింది కనుక దాన్ని శాశ్వతంగా ఉంచి, ప్రతి ఆయిల్ మార్పుకు ముందు వేడి మీద మూడు వేగాల దగ్గరా ప్రెషర్ రాసి పెట్టుకుంటున్నాను. 3000 దగ్గరి అంకె 45 కంటే కిందికి దిగితే ముందుగా స్ట్రైనర్‌నే చూస్తాను. తరువాతి పని టైమింగ్ చైను టెన్షనర్. చల్లని స్టార్టులో ఒక్క క్షణం గరగరమంటోంది, దాన్ని కూడా ఇదే క్రమంలో, ముందు రికార్డింగుతో మొదలుపెడతాను.